బరువైనది ముందు దిగుతుంది

ఎండ ఇంకా ముదరలేదు. గని కాలనీలో మావయ్య ఇంటి వంటగది. ల్యాబు నుంచి నేరుగా వచ్చిన మేనకోడలు భుజాన సంచీ దించకుండానే కుర్చీలో కూర్చుంది. మావయ్య గడ్డం గీసుకుంటున్నవాడు సగంలో లేచి వచ్చాడు. అత్తయ్య పొయ్యి దగ్గర ఉంది.

"టీ వద్దు అత్తయ్యా."

"అదేంటే, పొద్దున్నే అంత దూరం నుంచి వచ్చి. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. సగం గ్లాసు తాగు."

"వద్దన్నానుగా."

"పోనీ పాలు ఎక్కువ పోసి..."

"వద్దు. మావయ్యా, నేనడిగినదానికి నువ్వింకా చెప్పలేదు."

"ఏం అడిగావు?"

"బడి వెనకాల పరీక్ష బావి గురించి. అందులో యురేనియం ఎలా తగ్గిందని."

"అదేం ప్రశ్న పిచ్చుకా. ఎలా తగ్గిందో నీకు తెలీదా? మడ్డి పోశాం, తగ్గింది. ఊరికే నన్ను మడ్డి సారు అంటున్నారా జనం?"

"ఇంకోసారి చెప్పు. ఏమీ తెలీనిదానికి చెప్పినట్టు చెప్పు."

"సగం గడ్డంతో నిలబెట్టి పాఠం చెప్పిస్తావేంటి."

"చెప్పు మావయ్యా."

"సరే. గని నడిచినన్నాళ్లూ భూమిలోకి ఆక్సిజన్ కలిపిన నీళ్లు దించారు. రాయిలో గట్టిగా కూర్చున్న యురేనియం ఆక్సిజన్ తగిలేసరికి కరిగి నీళ్లలోకి వచ్చింది. తోడుకున్నారు. గని మూసేశారు. తోడగా మిగిలింది నీళ్లతో పాటే నడుచుకుంటూ మన కాలనీ కిందకి వచ్చింది. జనాన్ని ఖాళీ చేయించి రేకుల షెడ్లలో పడేశారు. చాలా?"

"తర్వాత?"

"తర్వాత మనం చెరకు మడ్డి దించాం. లోపలుండే సూక్ష్మజీవులకి తీపి దొరికింది. తిన్నాయి, పెరిగాయి, ఉన్న ఆక్సిజనంతా పీల్చేశాయి. ఆక్సిజన్ లేని చోట యురేనియం నీళ్లలో నిలవలేదు. మళ్లీ రాయిని పట్టుకుని గట్టిపడిపోతుంది. నీళ్లు శుభ్రం, జనం ఇళ్లకి. ఇదంతా నీకు నేర్పిందే నేను."

"నువ్వే నేర్పావు. మర్చిపోలేదు. అందుకే ముందు నీ దగ్గరికి వచ్చాను."

"ముందు అంటే? తర్వాత ఇంకెవరి దగ్గరికి వెళ్తావే?"

"ఒక్క నిమిషం అత్తయ్యా."

"కాదు, ఎవరికైనా చెప్పావా ఇదంతా?"

"ఏదంతా? నేనింకా ఏమీ చెప్పలేదు కదా."

"ఏమో, నీ వాలకం చూసి అడిగాను. మాట్లాడుకోండి, నాదేముంది."

"మావయ్యా, యురేనియంలో రెండు రకాలు కదా."

"ఐసోటోపులు. రెండు వందల ముప్పై ఎనిమిది, రెండు వందల ముప్పై అయిదు. ఒకటి కాస్త బరువు, ఇంకోటి కాస్త తేలిక. అయితే ఏంటి?"

"ఆక్సిజన్ లేని చోట గట్టిపడేటప్పుడు అవి రెండూ సమానంగా దిగవు. బరువైనది ముందు దిగుతుంది. తేలికది ఇంకాస్త ఎక్కువగా నీళ్లలోనే ఉండిపోతుంది."

"ఆ తేడా ఎంతని? లెక్కలోకి రానంత."

"లెక్కలోకి రానంతే. కానీ మా యంత్రం పట్టుకుంటుంది. లోపల నిజంగా గట్టిపడుతుంటే, నీళ్లలో యురేనియం తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో తేలికదాని వాటా పెరుగుతూ రావాలి."

"అది కొలవమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"నీకు పంపే సీసాల్లో మొత్తం యురేనియం ఎంతుందో చూడమంటారు. అంతే. ఐసోటోపులు చూడమని ఎవరూ అడగలేదు. నీకేం పని?"

"కోపమొస్తోందా?"

"కోపమెందుకు. అడుగుతున్నాను. ఎందుకు కొలిచావు?"

"నీ కోసం."

"నా కోసమా?"

"వచ్చే వారం నీ రిటైర్మెంటు సభ. అందరూ లేచి, సారు మంచివారు, కష్టజీవి అని నాలుగు మాటలు చెప్పి దిగిపోతారు. నేను అలా కాకూడదనుకున్నాను. మా మావయ్య చెప్పింది అక్షరాలా నిజం, భూమి లోపల అలాగే జరిగింది, ఇదిగో చూడండని గోడ మీద బొమ్మేసి చూపిద్దామనుకున్నాను. ముందు చెప్తే నువ్వు వద్దంటావని చెప్పకుండా చేశాను."

"పిచ్చుకా..."

"ల్యాబులో పాత సీసాలన్నీ అలాగే దాచి ఉన్నాయి. మొదటి ఏడాదివి తీశాను. ఎంత బాగా వచ్చిందో తెలుసా? యురేనియం తగ్గుతూ, తేలికదాని వాటా పెరుగుతూ, చేత్తో గీసినట్టు గీత. నువ్వన్నట్టే. ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను."

"మరింకేం. అదే చూపించు సభలో. విన్నావా ఏమేవ్, నా మడ్డి నిజమేనట."

"విన్నానండీ."

"రెండో ఏడాదివి కూడా తీశాను మావయ్యా."

"అవెందుకు? అప్పుడు గొట్టాలు మారుస్తున్నాం. ఆ సీసాలు పనికిరావు."

"పనికిరావనే చెప్పారట మా ల్యాబుకి. కొలవకండి, పక్కన పెట్టండని మీ ఆఫీసు నుంచే కబురొచ్చిందట. నేనింకా అందులో చేరలేదు అప్పటికి. పనికిరాని నీళ్లని ఎవరూ మూత కూడా తియ్యలేదు. నేను తీశాను."

"మీరు కూర్చోండి. ఎంతసేపని నిలబడతారు."

"నేను బాగానే ఉన్నాను. నువ్వు ఉండు."

"గీత వెనక్కి తిరిగింది. యురేనియం పెరిగింది. నిష్పత్తి మొదట ఎక్కడుందో మళ్లీ అక్కడికే పోయింది. అంటే దిగినదంతా లేచింది. లోపలికి ఎటు నుంచో ఆక్సిజన్ వెళ్లింది, రాయి పట్టు వదిలేసింది. అవునా కాదా?"

"మడ్డి ఆపేశారు."

"ఎవరు?"

"పై ఆఫీసు వాళ్లు. మొదటి ఏడాది ఫలితాలు చూసి, బ్రహ్మాండం, ఇక చాలన్నారు. చాలదు మొర్రో అన్నాను. సూక్ష్మజీవులకి తిండి ఆగిపోతే అవి చచ్చిపోతాయి, పైనుంచి దిగే నీళ్లతో ఆక్సిజన్ వస్తుంది, మళ్లీ మొదటికొస్తుందన్నాను. ఎవరు వింటారు?"

"అది మాత్రం నిజమే. ఎన్ని రోజులు అన్నం సయించలేదో ఆయనకి. నేను చూశానుగా."

"సరే. నిజమే అనుకుంటాను. మూడో ఏడాది?"

"మూడో ఏడాది ఏముంది. నీకు తెలుసుగా."

"నాకు తెలుసనుకున్నాను. నేను చేరింది అప్పుడే. ఆ సీసాలు కొలిచింది నేను. యురేనియం మళ్లీ తగ్గింది, హద్దు కిందకి వచ్చేసింది, ఈ నీళ్లు తాగొచ్చని కాగితం మీద సంతకం పెట్టింది నేను. దాన్ని చూసి కాలనీ తెరిచారు. సామాన్లు నెత్తిన పెట్టుకుని వచ్చేశారు జనం. అక్క వచ్చింది, చంటిదాన్ని ఎత్తుకుని."

"వచ్చారు, హాయిగా ఉన్నారు. ఇప్పుడా సంగతెందుకు?"

"నిష్పత్తి కదల్లేదు మావయ్యా."

"ఏమిటి?"

"యురేనియం అంత తగ్గింది, బరువుకీ తేలికకీ మధ్య నిష్పత్తి మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అది గట్టిపడి తగ్గలేదు. లోపల ఏమీ దిగలేదు."

"బంకమట్టి ఉంది అక్కడ."

"ఉంది."

"మట్టికి అంటుకుని ఉండొచ్చు. అంటుకుంటే ఐసోటోపులు అంతగా మారవు. అది కూడా నేను నేర్పాలా?"

"నేనూ అదే అనుకున్నాను. దేవుడా, మట్టే అయ్యుండాలి అని దండం పెట్టుకున్నాను. అందుకే ఉప్పు చూశాను."

"ఉప్పా?"

"భూమి నీళ్లలో ఎప్పుడూ ఉండే ఉప్పు. సూక్ష్మజీవులు దాన్ని తినవు. మట్టి దాన్ని పట్టుకోదు. ఆక్సిజన్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. లోపల ఏం జరిగినా ఉప్పు అలాగే ఉండాలి. కానీ యురేనియం ఎన్నో వంతుకి పడిపోయిందో ఉప్పూ సరిగ్గా అన్నో వంతుకే పడిపోయింది. ఎలా పడిపోతుంది మావయ్యా?"

"వానలు గట్టిగా పడ్డాయి ఆ ఏడాది."

"అంత లోతుకి?"

"పడ్డాయి. అడుగు మీ అత్తయ్యని. షెడ్లు మునిగాయి."

"మరి కాలనీ బయట, పొలాల వైపు బావిలో ఉప్పు ఎందుకు మారలేదు? వాన దాన్ని తప్పించుకుని పడిందా?"

"నన్ను దొంగని ప్రశ్నించినట్టు ప్రశ్నిస్తున్నావు."

"కాదని చెప్పు. ఒక్క మాట, కాదని చెప్పు. ఈ క్షణమే లేచి వెళ్లిపోతాను. యంత్రం తప్పు చూపించిందని రాసి పారేస్తాను."

"ఏం చెప్పమంటావు."

"పాలల్లో నీళ్లు పోసినట్టు పోశావు. పాలు పలచబడ్డాయి. నేనేమో వాటిని కొలిచి, తగ్గింది తగ్గిందని సంబరపడి సంతకం పెట్టాను. ఎలా పోశావు? చెప్పు."

"ట్యాంకరుతో."

"ఎక్కడివి?"

"చెరువు నుంచి. మీవాళ్లు సీసాలు నింపుకోవడానికి వచ్చే ముందు పరీక్ష బావుల్లో దింపేవాణ్ని."

"పరీక్ష బావుల్లోనే."

"అవును."

"జనం తాగే బోర్లలో?"

"వాటికి అక్కర్లేదు కదా. వాటిని ఎవరూ కొలవరు."

"అమ్మా... విన్నావా అత్తయ్యా? వాటిని ఎవరూ కొలవరట. నేను కొలిచాను మావయ్యా. పోయిన ఆదివారం అక్క ఇంటి కుళాయి నీళ్లు సీసాలో పట్టుకెళ్లాను. రెండో ఏడాది నీళ్లూ అవీ ఒకటే. నిష్పత్తి ఒకటే, ఉప్పు ఒకటే, యురేనియం ఒకటే. ఏ నీళ్ల మూలంగా కాలనీ ఖాళీ చేయించారో ఆ నీళ్లే తాగుతున్నారు అందరూ."

"ఎంత వచ్చింది?"

"నీకు తెలీదా?"

"ఎంత వచ్చిందో చెప్పు."

"కిడ్నీలు పోవడానికి కావలసినంత. చాలా? ఒక్క రోజులో పోవులే. మెల్లగా పోతాయి. పెద్దవాళ్లకి మెల్లగా, పిల్లలకి ఇంకొంచెం త్వరగా. రెండు వీధుల అవతల అక్క ఆ చంటిదానికి పాలపొడి కలుపుతోంది ఆ నీళ్లతో."

"అంత మాట అనకే పొద్దున్నే."

"ఏ మాట అనకుండా ఉండను అత్తయ్యా? ఆ ఆదివారమే ఈ ఇంటి నీళ్లు కూడా పట్టుకెళ్లాను. మీరు హాల్లో ఉన్నప్పుడు, ఈ కుళాయి దగ్గరే. అందులో ఏమీ లేదు. డిస్టిల్డ్ వాటర్ అంత శుభ్రంగా ఉన్నాయి. సింకు కింద ఏం పెట్టారు?"

"ఫిల్టరు. గిన్నెలకి తెల్లమరకలు పడుతున్నాయంటే ఆయన పెట్టించారు. నీళ్లు గట్టివి కదా."

"మరకల కోసమేనా మావయ్యా?"

"కాదు."

"ఇందాక టీ వద్దన్నాను కదా. అది పాడు నీళ్లతో పెట్టారని కాదు. ఈ కాలనీ మొత్తం మీద ఈ ఒక్క ఇంట్లో టీ మంచిదని తెలిసి వద్దన్నాను. నా గొంతు దిగదు."

"నేను చెప్పేది కూడా వింటావా?"

"విందామనే వచ్చాను."

"బావులు మళ్లీ పాడయ్యాయని రాస్తే ఏమయ్యేదో తెలుసా? ఇక ఆ కాలనీని వదిలెయ్యండి, మనుషుల్ని తలో దిక్కుకీ సర్దెయ్యండని పైన మాట అయిపోయింది. కాగితం ఒక్కటే తరువాయి. ఆ షెడ్లలో ఎలా ఉన్నారో నువ్వూ చూశావు. వేసవిలో రేకులు కాలి, పిల్లలు నేల మీద దుప్పట్లు తడిపి పడుకునేవాళ్లు. ఇళ్లకి ఎప్పుడు పోతాం సారూ అని రోజూ నా మొహం వైపే చూసేవాళ్లు. ఏం చెప్పమంటావు వాళ్లకి?"

"నిజం."

"నిజం చెప్తే అంతటితో అయిపోయేది. నేనేం అనుకున్నానంటే, ముందు జనాన్ని ఇళ్లలోకి తెస్తే, తర్వాత బతిమాలో బామాలో మడ్డి తెప్పించి మళ్లీ దించొచ్చు. ఒకసారి పని చేసింది, మళ్లీ చేస్తుంది. ఎవరికీ తెలీకుండా నీళ్లు బాగైపోతాయి. అప్పుడిక అబద్ధమనేదే ఉండదు."

"మరి దించావా?"

"ఇవ్వలేదు."

"ఎందుకివ్వలేదు?"

"అడగకు."

"ఎందుకివ్వలేదు మావయ్యా?"

"నీళ్లు తాగొచ్చని కాగితం వచ్చేసిందిగా, ఇక మడ్డి దేనికన్నారు."

"నా కాగితం."

"నీ కాగితమే."

"అంటే నేను సంతకం పెట్టబట్టి ఆ నీళ్లు బాగుపడే దారి కూడా మూసుకుపోయింది."

"నీ తప్పేం లేదు ఇందులో."

"నా తప్పేం లేదని నువ్వు చెప్పకు. ఇంకొకటి అడుగుతాను. మాది కాక ఇంకా ల్యాబులున్నాయి. మొదటి ఏడాదివి మా ల్యాబులోనే వేరేవాళ్లు కొలిచారు. నేను ఉద్యోగంలో చేరిన నెలకే సీసాలన్నీ నా బల్ల మీదకి వచ్చాయి. నా పేరు రాసి మరీ వచ్చాయి. మా మావయ్యకి నా మీద ఎంత నమ్మకమో చూడండని ల్యాబులో అందరికీ చెప్పుకున్నాను. ఎందుకు నాకు పంపావు?"

"ఏదో, నువ్వు బాగా చేస్తావని."

"అటు చూడకు. అత్తయ్య వైపు కాదు, నా వైపు చూసి చెప్పు."

"నువ్వైతే..."

"ఊఁ, నేనైతే?"

"నువ్వైతే నన్ను తిరిగి అడగవని. అన్నావుగా చెప్పమని. చెప్పాను."

"చిన్నప్పటి నుంచి ఏదడిగినా విసుక్కోకుండా చెప్పినవాడివి నువ్వు. ఎందుకు, ఎలా అని అడగడం నేర్పినవాడివి. చివరికి నేను అడగననే లెక్క వేసుకున్నావా?"

"ఇంక చాలు పిచ్చుకా."

"నిజమే, అడగలేదు. నీ లెక్క తప్పలేదు. నిన్ను పొగడాలని కొలిచాను కాబట్టి దొరికింది గానీ, అనుమానపడి జన్మలో కొలిచేదాన్ని కాదు."

"ఏమండీ, చెయ్యి చూసుకోండి. బ్లేడు పట్టుకునే ఉన్నారు. అక్కడ పెట్టండి దాన్ని."

"ఇప్పుడేం చెయ్యమంటావు నన్ను?"

"బోర్లు కట్టేయించు. పంపుహౌసు తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా. నీళ్ల ట్యాంకర్లు పిలిపించు. అవి ఎక్కడ దొరుకుతాయో నీకు బాగా తెలుసు."

"అనాల్సిందే. అను."

"తర్వాత పై ఆఫీసుకి నువ్వే చెప్పు. నేను చెప్తే ఫిర్యాదు అవుతుంది. నువ్వు చెప్తే కనీసం... ఏమో, ఏమవుతుందో నాకూ తెలీదు. నీ నోటితో నువ్వు చెప్పాలి."

"చెప్తాను. నేనే చేశానని చెప్తాను. నేనొక్కణ్నే చేశాను. ట్యాంకరు నేనే తోలాను, గొట్టం నేనే పెట్టాను, నీకు సీసాలు పంపమని రాసింది నేనే. నీకేం తెలీదని కూడా చెప్తాను."

"నిజంగా ఒక్కడివేనా?"

"ఒక్కణ్నే అంటున్నానుగా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు. తాళాలెక్కడ పెట్టావే?"

"మేకుకే ఉన్నాయి. ఇప్పుడే వెళ్తారా? గడ్డమన్నా పూర్తి చేసుకోండి. సగం మొహంతో వీధిలో పడితే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"ఇక ఎవరేమనుకుంటే ఏంటి. పిచ్చుకా, మీ అత్తయ్యని ఇందులోకి లాగకు. ఆవిడని ఏమీ అడగకు."

"అత్తయ్యని నేనెందుకు అడుగుతాను?"

మావయ్య చెప్పులు వేసుకుని, తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అత్తయ్య కిటికీలోంచి చూస్తూ నిలబడింది. తర్వాత వచ్చి మేనకోడలి పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏడవకే."

"ఏడవట్లేదు."

"మరివేంటి? ఇటు రా. ఆ సంచీ దించు ముందు."

"అత్తయ్యా, దారి పొడుగునా ఎన్ని అనుకున్నానో తెలుసా? నవ్వేస్తాడనుకున్నాను. ఓసి పిచ్చుకా, ఈ చిన్న సంగతి పట్టుకోలేకపోయావా అని ఏదో కారణం చెప్పి నెత్తిన మొట్టుతాడనుకున్నాను."

"ఊరుకో."

"నువ్వన్నా ఉన్నావు. నువ్వు కూడా లేకపోతే ఈ ఇంటి గడప ఇక తొక్కేదాన్ని కాదు."

"ఆ సీసాలు ఇంకా ల్యాబులోనే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నువ్వు కొలిచినవి ఎవరికన్నా చూపించావా? నీతో పనిచేసేవాళ్లకి?"

"లేదు. ఎలా చూపిస్తాను? ముందు మావయ్యని అడగాలనుకున్నాను."

"అయితే నీ ఒక్కదానికే తెలుసు."

"నాకూ, మీ ఇద్దరికీ."

"అయితే ఇంకా మించిపోయిందేం లేదు. విను. నేను చెప్పేది నెమ్మదిగా విను. మీ అక్క ఇంటికి ఇవాళే ఫిల్టరు పెట్టిద్దాం. ఇక్కడికంటే పెద్దది పెట్టిద్దాం. చంటిదానికి ఏ భయమూ ఉండదు."

"మిగతా ఇళ్లకి?"

"మెల్లగా ఒక్కొక్కటే. కాలనీ సంఘం తరఫున మనమే పెట్టిస్తున్నామని చెప్పొచ్చు. నేను అధ్యక్షురాల్ని, నా మాట కాదనరు. నీళ్లు గట్టిగా ఉన్నాయి, మరకలు పడుతున్నాయంటే సరి."

"మరకలు."

"ఏదో ఒకటి చెప్పాలి కదా. ఈలోపు ఆయన చేత మడ్డి తెప్పించే పూచీ నాది. ఏడాదో, రెండేళ్లో. నువ్వు కాస్త ఊరుకుంటే అన్నీ సర్దుకుంటాయి."

"అత్తయ్యా, ఆ ఫిల్టరు ఎందుకో నీకు ముందే తెలుసా?"

"ఇప్పుడది అడిగి ఏం లాభం?"

"తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పెట్టించినప్పటి నుంచే, కాలనీ తెరవకముందే. మొగుడు వంటింట్లో గొట్టాలు కోస్తుంటే ఎందుకని అడగకుండా ఉంటానా?"

"మరి జనాన్ని నువ్వే కదా రమ్మన్నావు. ఇంటింటికీ తిరిగి, షెడ్డు షెడ్డుకీ వెళ్లి, నీళ్లు బాగయ్యాయి పదండి అని చెప్పింది నువ్వే కదా. అక్క వెనకాడితే నువ్వే నచ్చజెప్పావు."

"అవును, చెప్పాను."

"తెలిసీ?"

"మీ అమ్మ ఆ షెడ్డులో పోయింది. అది నీకు గుర్తుందా? నువ్వు చదువుకుంటూ ఊళ్లో లేవు. నేను పక్కనున్నాను. ఆ రేకుల వేడికి ఊపిరి అందక, చివరిదాకా ఒకటే అడిగింది, వదినా, ఇంటికి ఎప్పుడు పోతాం అని. రేపు పోదాం అన్నాను. ప్రతిరోజూ రేపు అన్నాను. ఆవిడ తర్వాత ఇంకో ఇద్దరు ముసలాళ్లు పోయారు. ఇంకెవరినీ అక్కడినుంచి మోసుకెళ్లడం నా కళ్లతో చూడలేననిపించింది. అంతే. నీళ్ల సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను."

"అమ్మ పేరు తేకు ఇందులోకి."

"తేకపోతే నీకెలా అర్థమవుతుంది?"

"మావయ్య చేసినదాన్ని నువ్వు మోస్తున్నావు. అర్థమైంది. ఆయనకి ఎదురు చెప్పలేక ఊరుకున్నావు, ఊరుకున్నాక ఇక బయటికి రాలేకపోయావు. సరే. దానికి నిన్ను తప్పు పట్టను అత్తయ్యా. నువ్వు అమ్మని చూసుకున్నదానివి. నన్ను పెంచినదానివి."

"పిచ్చుకా..."

"కాదు, నన్ను చెప్పనీ. నీళ్లు పోశాడు, సరే. జనానికి అబద్ధం చెప్పాడు, దాని సంగతి ఆయనా ఆ జనమూ చూసుకుంటారు. నా వల్ల కానిది ఇంకోటుంది. అన్ని ల్యాబులుండగా, ఇంతమంది ముక్కూమొహం తెలీనివాళ్లుండగా, ఇది మన పిల్ల, ఇది అడగదు, దీని చేత సంతకం పెట్టిద్దామని కూర్చుని ఆలోచించాడు చూడు, అది నా వల్ల కావట్లేదు. ఎత్తుకు పెంచిన చేత్తో నా పేరు ఎలా రాశాడు? ఆయనకి చెయ్యెలా వచ్చింది అత్తయ్యా?"

"రాలేదు. పిల్ల జోలికి పోవద్దే అని రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు నన్ను. నీ పేరు రాసింది నేను."